కమాండర్ గారికి ఒక సవరణ

పత్రికలో నా సర్వీసు మొత్తంలో నేను యుద్ధం చూడలేదు. సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో పంజగుట్ట చౌరస్తా దాటడాన్ని లెక్కలోకి తీసుకోకపోతే. అయినా యుద్ధవీరుల మీద నేను రాసినంత మా ఆఫీసులో ఇంకెవరూ రాయలేదు. వాళ్లలో ఎక్కువమంది పోస్టింగులు అంగారకుడి మీద, శని చుట్టూ తిరిగే ఉపగ్రహాల మీద, ఇంకా పేరు పెట్టని నక్షత్రాల పక్కన. నేను ఫీచర్స్ డెస్కులో వెబ్ సిరీస్‌ల పేజీ చూసేవాణ్ణి. అంతరిక్షం, అందులో సైన్యం, ఆ సైన్యంలో ఒక కమాండర్. ఇవన్నీ ఎందుకో నా బల్ల మీదికే వచ్చేవి. డిగ్రీలో ఫిజిక్స్ చదివానని ఎవరికో తెలిసిపోయింది. పాసయ్యానో లేదో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి చెప్పను. అవి వస్తే మీకే తెలుస్తాయి, రాకపోతే ఇంకా బాగా తెలుస్తాయి. ఒక కమాండర్ గురించి, ఒక సుబేదార్ గురించి, నేను పెట్టిన ఒక హెడ్డింగు గురించి చెబుతాను. ఈ మూడింటిలో నాకు పూర్తిగా అర్థమైంది హెడ్డింగు ఒక్కటే. అది కూడా ఆలస్యంగా.

దండ, బోను

యూనిఫాం వేసుకున్న హీరో కనబడితే మన వృత్తిలో రెండే పనులు చేస్తారు. మెడలో దండ వేస్తారు, లేకపోతే బోనులో నిలబెడతారు. మొదటి సీజన్‌లో ఆయన దవడ గురించి, నడక గురించి, తక్కువ మాట్లాడటం గురించి రాస్తారు. రెండో సీజన్ వచ్చేసరికి అదే తక్కువ మాట్లాడటం అనుమానాస్పదం అవుతుంది. ఆయన మారడు. మనకి విసుగొస్తుంది, అంతే. నేను రెండూ చేశాను, ఒక్కోసారి ఒకే వారంలో.

ఇక ఆ సిరీస్‌లు మనవాళ్లని, అంటే విలేకరుల్ని, చూపించే తీరు ఇంకో బాధ. మూడు వందల ఏళ్ల తర్వాతి కథ. మనుషులు వేరే గ్రహాల మీద వంకాయలు పండిస్తుంటారు. విలేకరి చేతిలో మాత్రం ఇంకా మైకే ఉంటుంది. వ్యోమనౌక తలుపు తెరుచుకోగానే, హీరో ఒంటి మీద రక్తం ఆరకముందే, ఆ మైకు తీసుకెళ్లి మొహం దగ్గర పెడతాడు. అడగకూడని ప్రశ్న అడుగుతాడు. హీరో ఒక్క చూపు చూసి వెళ్లిపోతాడు. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఇది మన వృత్తికి అవమానమని నేను మూడు వ్యాసాలు రాశాను. ఏ విలేకరీ అంత తెలివితక్కువగా అడగడని వాదించాను. మూడు వ్యాసాలూ గట్టిగానే వచ్చాయి. ఆ సంగతి గుర్తుంచుకోండి.

చుక్కల ముఖాముఖి

'తారతో కాదు, పాత్రతో' అని వారం వారం నా కాలమ్ ఉండేది. నటుణ్ణి కాకుండా పాత్రనే ఇంటర్వ్యూ చేయడం దాని పద్ధతి. ప్రశ్నలూ నావే, జవాబులూ నావే. ఇంత సౌకర్యమైన ఇంటర్వ్యూలు ఇంకెక్కడా దొరకవు.

తెలుగులోకి డబ్ అయిన ఒక సిరీస్ అప్పట్లో బాగా నడుస్తోంది. ఏడుగురు సైనికులు ఒక చల్లటి ఉపగ్రహం మీదికి వెళతారు. తుపాను వస్తుంది. కమాండర్‌తో కలిపి ఆరుగురే తిరిగొస్తారు. ఒకతను అక్కడే ఉండిపోతాడు. విడుదలకు ముందే పత్రికలవాళ్లకి ఆ ఎపిసోడ్ లింకు పంపారు, దాంతో రెండు పేజీల ప్రెస్ నోటు కూడా. ఆ లింకు, నోటు సంగతి తర్వాత చెబుతాను. చెప్పాలని పెద్ద ఉత్సాహంగా లేదు.

ఆ వారం నేను కమాండర్‌ని పదకొండు ప్రశ్నలు అడిగాను. ఒక్కదానికీ జవాబు రాయలేదు. ప్రతి ప్రశ్న కింద 'కమాండర్:' అని పెట్టి వరసగా చుక్కలు వేశాను. ఆయన దగ్గర జవాబు లేదని అర్థం. హెడ్డింగు: 'కమాండర్ గారూ, ఎందుకు పారిపోయారు?' డెస్కులో అందరూ నవ్వారు. ఫీచర్స్ ఇన్‌చార్జి విశ్వనాథం గారు కూడా నవ్వారు. అమలాపురం నుంచి వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆయన ఆఫీసులో నవ్వడం నేను చూడటం అది రెండోసారి.

రిసెప్షన్ నుంచి ఫోన్

నాలుగు రోజుల తర్వాత కింద నుంచి సునీత ఫోన్ చేసింది.

"సార్, కమాండర్ తరఫున ఒకాయన వచ్చిండు. పంపాల్నా?"

ఆ సిరీస్ పబ్లిసిటీ వాళ్లనుకుని పంపమన్నాను. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో విజిల్. కూర్చోమన్నాకే కూర్చున్నారు, అదీ వీపు కుర్చీకి ఆనించకుండా. పేరు గౌస్ అని, సైన్యంలో సుబేదార్‌గా రిటైరయ్యానని, ఇప్పుడు మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌నని చెప్పారు. బల్కంపేటలో ఇల్లు.

"గా కమాండర్ ముఖాముఖి రాసింది మీరేనా సార్?"

"నేనేనండీ. బాగుందా?"

"ఫొటో మంచిగున్నది. గా చుక్కలెందుకు పెట్టిండ్రు?"

"కమాండర్ దగ్గర జవాబు లేదు కదండీ."

"అడిగిండ్రా ఆయన్ని?"

"ఆయన లేడు కదా. కథలో పాత్ర."

"లేనోన్ని అడిగి, చెప్తలేడని రాసిండ్రు" అన్నారు, ఫిర్యాదు నమోదు చేసుకుంటున్నట్టు.

జేబులోంచి మడత పెట్టిన కత్తిరింపు తీసి బల్ల మీద పెట్టారు. నా కాలమే. చుక్కల మీద నీలం ఇంకుతో జవాబులు రాసి ఉన్నాయి. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు.

'ఏడుగురు వెళ్లి ఆరుగురు వచ్చారు. లెక్కల్లో వీకా?' అని నేను అడిగాను. కింద ఆయన రాసింది: 'వీక్ కాదు. రోజూ లెక్కపెడుతున్న.'

'వెనక్కి తిరిగి చూడలేదేం?' 'మూడు సార్లు చూసిన. తెల్లగ తప్ప ఏం కనపడలే.'

'పతకం ఇస్తే పెట్టుకుంటారా?' 'ఇచ్చిండ్రు. ట్రంకుల ఉన్నది.'

ఇలా పది నింపారు. పదకొండో ప్రశ్న, 'ఇంటికొచ్చాక ఆ మనిషి ఇంట్లోవాళ్లకి ఏం చెప్పారు?' అన్నది. దాని కింద మాత్రం నా చుక్కలు అలాగే ఉన్నాయి.

నాకు ఏమీ అర్థం కాలేదు. సిరీస్‌లో కమాండర్‌కి ఎవరూ పతకం ఇవ్వలేదని మాత్రం తెలుసు. లేదా తెలుసనుకున్నాను.

"మేము పోటీ ఏమీ పెట్టలేదండీ" అన్నాను.

"బహుమతి వద్దు సార్. గీ 'పారిపోయారు' అన్న మాట తీసెయ్యాలె. పేపర్ల తప్పు పడితే మళ్ల చిన్నగ వేస్తరు కదా, గట్ల."

"సవరణా? కమాండర్‌కా?"

"కమాండర్‌కే. మైత్రీవనం గల్లీల నర్సింగ్ జిరాక్స్ ఉంటది. వేసినంక ఆడ చెప్పుండ్రి, నాకు తెలుస్తది. జర జల్దీ చేయుండ్రి సార్. మస్తు ఫికరైతుంది."

ఆయన లేచి, కుర్చీని బల్ల కిందకి సర్ది వెళ్లిపోయారు. ఆ కుర్చీని అలా సర్దవచ్చని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం డెస్కులో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. సిరీస్‌ల పిచ్చి అన్నాడొకడు. డబ్బింగ్ రైటర్ అయి ఉంటాడు, సినిమావాళ్లుండే శ్రీనగర్ కాలనీలో ఇలాంటివాళ్లు వీధికి నలుగురు అన్నాడు ఇంకొకడు. నేను నవ్వుతూనే ఉన్నాను. కత్తిరింపు మాత్రం సొరుగులో పెట్టలేదు, జేబులో పెట్టుకున్నాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

విశ్వనాథం గారి సూత్రం

సవరణ అడిగితే విశ్వనాథం గారు కళ్లజోడు తీశారు. అది మంచి సంకేతం కాదు.

"ఏంటయ్యా ఇది? ఎవరికీ?"

"కమాండర్‌కండీ."

"మన పద్ధతి నీకు తెలీదూ? బతికున్నవాడికి సవరణ. పోయినవాడికి సంతాపం. లేనివాడికి ఏమీ లేదు. రేపు ఇంకెవరో వచ్చి రాక్షసుడికి క్షమాపణ వెయ్యమంటారు. పోనీ, వాస్తవం తప్పయితే చూద్దాం. తప్పా?"

"తప్పేం లేదండీ" అన్నాను వెంటనే. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో అది చాలా చిన్నది. అప్పటికి అది అబద్ధమని కూడా నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదని మాత్రం తెలుసు.

నర్సింగ్ జిరాక్స్

వీలుపడదని చెప్పడానికి మర్నాడు మైత్రీవనం గల్లీలోకి వెళ్లాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒకటిన్నర గది వెడల్పున్న కొట్టు. యజమాని నర్సింగ్, యాభై ఏళ్ల మనిషి, విద్యార్థుల మెటీరియల్‌కి స్పైరల్ బైండింగ్ చేస్తున్నాడు.

"గౌస్ గారు ఉన్నారా?"

"గౌస్ అన్ననా? వస్తలేడు సార్, నాలుగైదు దినాలాయె. మీరెవరు?"

పత్రిక పేరు చెప్పాను. అతను బైండింగ్ ఆపి నన్ను పూర్తిగా చూశాడు.

"గా కమాండర్ ముచ్చట మీదేనా?"

ఇంటర్వ్యూలు చేసేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. అలా అడిగితే మెచ్చుకుంటారేమో అనుకుంటాం. అవునన్నాను, కొంచెం నవ్వుతూనే. అతను మిషన్ పైన గోడకేసి చూపించాడు. యూనిఫాంలో ఒక కుర్రవాడి ఫొటో. మీసం ఇంకా సరిగ్గా రాలేదు.

"మా అన్న, యాదగిరి. కొత్తగ చేరినప్పటి ఫొటో. గౌస్ అన్న, ఈన ఒక్క గల్లీల పెరిగిండ్రు. ఒక్కదినమే భర్తీ అయిండ్రు. కొన్నేండ్లకు మంచు గుట్టల మీద డ్యూటీ. ఏడుగురు పోయిండ్రు, ఆరుగురొచ్చిండ్రు. తోల్కపోయింది గౌస్ అన్ననే, తోల్కొచ్చింది గౌస్ అన్ననే."

జేబులో కత్తిరింపు ఉన్నచోట కొంచెం బరువుగా అనిపించింది. అప్పుడే నాకు ఆ పదకొండు ప్రశ్నలూ ఎవరిని అడిగానో తెలిసింది.

"పాణం తీసే తుపాను అని మా నాయినకు జాబొచ్చింది. మిలిట్రీవాళ్లు సుత విచారణ చేసిండ్రు, తప్పు లేదన్నరు. నేను ఎన్నడు అడగలే. ఆయన చెప్పలే. రిటైరయి వచ్చినసంది దినాం పదకొండింటికి వస్తడు, చాయ్ తాగుతడు, క్రికెట్ మాట్లాడుతడు, పోతడు. మొన్న మీ పేపర్ చదివిన సార్. మంచిగనే రాసిండ్రు, నవ్వొచ్చింది. అంతల ఆయన వచ్చిండు. నా నోరు ఊకోలే. 'అన్నా, నువ్వు సుత గిట్లనే ఉరికొచ్చినవా?' అని అడిగిన."

"ఏమన్నారు?"

"సగం చాయ్ బల్ల మీద పెట్టి పోయిండు. గంతే. ఇగ రాలే."

సుబేదార్ గారు ఈ కొట్టు చిరునామా ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది. సవరణ పడిందన్న మాట ఆయనకి కాదు, ఈ మనిషికి చేరాలి. ఆ మాట వెనక్కి తీసుకుంటే తప్ప ఆయన ఈ మెట్టు ఎక్కలేరు. ఇన్నేళ్ల పదకొండు గంటల చాయ్ నా హెడ్డింగులో ఒక్క మాట మీద ఆగిపోయి ఉంది.

మా పత్రికలో లేనివాళ్లకి సవరణ వేయరని, ఎంత మర్యాదగా వీలైతే అంత మర్యాదగా చెప్పాను. నర్సింగ్ తలూపాడు. తర్వాత ఒక మామూలు ప్రశ్న అడిగాడు.

"సార్, గా సినిమల కమాండర్ నిజంగనే ఉరికిండా?"

"అంటే... అది చూసేవాళ్లని బట్టి..."

"మీరు చూడలేదా?"

కొట్టులో ఒక అమ్మాయి ఎకానమీ నోట్సు రెండు కాపీలు అడిగింది. ఆ అమ్మాయికి నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ముప్పై ఒకటో నిమిషం

ఇప్పుడు లింకు సంగతి. పత్రికలకి పంపే లింకుకి గడువు ఉంటుంది. నేను బద్ధకించి చివరి పూట తెరిచాను. నలభై ఏడు నిమిషాల ఎపిసోడ్‌లో ముప్పై ఒకటో నిమిషం దగ్గర, నౌక పైకి లేస్తుండగా, గడువు ముగిసి తెర నల్లబడింది. పేజీ గంటలో ప్రెస్సుకి వెళ్లిపోవాలి. మిగతాది ప్రెస్ నోటులో చూసుకున్నాను. 'కమాండర్ తన మనిషిని వదిలి బయలుదేరతాడు' అని ఉంది. 'బయలుదేరతాడు' అన్నదాన్ని 'పారిపోయారు' చేసింది నేను. బయలుదేరడం మీద ఎవరూ నవ్వరు కదా.

ఇది నేను ఒక్కణ్ణే చేసే పని కాదు. మీరు కూడా చేస్తారు. మొదటిసారి భయం వేస్తుంది. పదోసారికి దాన్ని అనుభవం అంటారు.

ఆ ఆదివారం మా ఇంట్లో, చందా కట్టి, ఎపిసోడ్ మొదటి నుంచి పెట్టాను. మా ఆవిడ విజయ పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ముప్పై ఒకటో నిమిషం దాటింది. నౌక పైకి లేచి, దిగింది. కమాండర్ ఒక్కడే బయటికి వెళ్లాడు. మూడుసార్లు వెళ్లాడు. మూడోసారి ఆ సైనికుడి గొంతు రేడియోలో వినబడింది. వెళ్లిపోండి, మిగతా ఐదుగురూ ఉన్నారు అన్నాడు. కమాండర్ చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాతే బయలుదేరాడు.

అక్కడితో అయితే నేను తప్పు చేశాననుకుని పడుకునేవాణ్ణి. చివర్లో తిరిగొచ్చారు. తలుపు తెరుచుకుంది. మైకు పట్టుకుని ఒక విలేకరి వచ్చాడు.

"కమాండర్ గారూ, ఎందుకు పారిపోయారు?" అని అడిగాడు.

అక్షరం తేడా లేదు. డబ్బింగ్ వాళ్లకీ నాకూ ఒకే ముక్క తోచింది.

"చూడండి, ఎంత ముచ్చటగా అడుగుతున్నాడో" అంది విజయ, చిక్కుడుకాయ విరుస్తూ. "చొక్కా కూడా మీదానిలాగే ఉంది. ఇలాంటివాళ్లు ఉండరని కదా మీరు రాశారు?"

"మూడు సార్లు రాశాను" అన్నాను.

ఎపిసోడ్ ఇంకో రెండుసార్లు చూశాను. కమాండర్ చేసింది సరైనదేనా అన్నది తేలలేదు. ఒకసారి సరే అనిపిస్తుంది, ఇంకోసారి నాలుగోసారి వెళ్లి ఉండాల్సిందేమో అనిపిస్తుంది. ఆయన పారిపోలేదన్నది మాత్రం మూడుసార్లూ మారలేదు. మన వృత్తికి కావలసింది అంతే. వాస్తవం ముందు, తీర్పు తర్వాత. తీర్పు ఎప్పటికీ రాకపోయినా పత్రిక ఆగదు.

రెండు లైన్లు

సోమవారం విశ్వనాథం గారి దగ్గరికి వెళ్లాను.

"వాస్తవం తప్పేనండీ. ఎపిసోడ్ నేను సగమే చూశాను."

ఆయన నన్ను కాకుండా కిటికీలోంచి మెట్రో పిల్లర్‌ని చూశారు.

"మిగతా కాలమ్స్ మాటేంటి?"

"కొన్ని పూర్తిగా చూశాను."

"'పొరపాటున దొర్లింది' అని వేసెయ్. ఎవరి పొరపాటో చెప్పక్కర్లేదు. భాషకి ఆ సౌకర్యం ఉంది, వాడుకో."

విశ్వనాథం గారు చెడ్డ మనిషి కాదు. నా ఉద్యోగం కాపాడాలనే అన్నారు. పైగా ఆ వాక్యం తప్పు కూడా కాదు. అయితే 'దొర్లింది' అని నర్సింగ్ చదివితే ఏమనుకుంటాడు? రాయి దొర్లినట్టు దానంతటదే దొర్లిందని? నేను కాగితం మీద ఇలా రాసిచ్చాను:

'గతవారం ఈ పేజీలో కమాండర్ పారిపోయినట్టు రాశాను. ఎపిసోడ్ చివరిదాకా చూడకుండా రాశాను. చూశాను, ఆయన పారిపోలేదు.'

విశ్వనాథం గారు రెండుసార్లు చదివారు. "ఇది పడ్డాక కాలమ్ నడవదు, తెలుసుగా" అన్నారు. తెలుసన్నాను. ఒక్క అక్షరం కొట్టేయకుండా పంపించారు. నా కాపీలో ఆయన ఏమీ కొట్టేయకపోవడం అది మొదటిసారి. కాలమ్ ఆగింది. రిటైరయ్యేదాకా నాకు వంటల పేజీ ఇచ్చారు. అక్కడ కూడా వండకుండా రాయాలని చాలాసార్లు అనిపించింది. రాయలేదు, విజయ సాక్షి.

పదకొండు గంటలకు

సవరణ పడిన రోజు పేపర్ పట్టుకుని కోచింగ్ సెంటర్‌కి వెళ్లాను. సుబేదార్ గారు మెట్ల దగ్గర నిలబడి, అడ్డంగా పెట్టిన స్కూటర్లని చూపులతోనే పక్కకి జరుపుతున్నారు. పేపర్ ఇచ్చాను. పేజీ అడుగున పెసర బద్దంత అచ్చు. చదివి, నాలుగు మడతలు పెట్టి, విజిల్ ఉన్న జేబులో పెట్టుకున్నారు.

"మీ పేరు మీదనే వేసుకున్నరు" అన్నారు.

"నేనే కదండీ రాసింది."

"మిలిట్రీల గిట్ల రాసిస్తే పనిష్మెంట్ ఉంటది."

"ఇక్కడా ఉందండీ. వంటల పేజీ."

ఆయన నవ్వారనుకుంటాను. మీసం కింద ఏదో కదిలింది. టైము చూసుకున్నారు. పదకొండుకి ఐదు నిమిషాలు.

"పోదాం పట్టుండ్రి" అన్నారు.

కొట్టు మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి ఎక్కారు. నర్సింగ్ పక్క చాయ్ బండికి మూడు వేళ్లు చూపించాడు. చాయ్ వచ్చింది. సుబేదార్ గారు పేపర్ తీసి అతనికిచ్చారు. నర్సింగ్ ఆ రెండు లైన్లు చదవడానికి చాలాసేపు పట్టింది.

"గిది కమాండర్‌కు వేసిండ్రు" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా.

"ఆ."

"మరి అన్నా, గా దినం ఏమైంది?"

సుబేదార్ గారు గ్లాసులోకి చూశారు. నా జేబులో ఆ కత్తిరింపు ఉంది, పదకొండో ప్రశ్న కింద చుక్కలతో. కొట్టులో నిశ్శబ్దం ఎక్కువైంది. నిశ్శబ్దం కనబడితే అందులో ఒక ప్రశ్న పడేయడం మనకి అలవాటు.

"అంటే, ఆ రోజు వాతావరణం ఎలా..." అని మొదలుపెట్టాను.

"సార్" అన్నాడు నర్సింగ్, నా వైపు చూడకుండా. "మీరు జర ఊకుండ్రి."

ఊరుకున్నాను.

"యాదగిరి బూటు తడిసింది పొద్దుగాల" అని సుబేదార్ గారు మొదలుపెట్టారు.

ఆయన చెప్పింది ఇక్కడ రాయను. అది నర్సింగ్‌కి చెప్పింది. మధ్యలో ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. మిషన్‌లో కాగితం ఇరుక్కుని ఎర్రదీపం వెలుగుతూ ఉంది, ఎవరూ తీయలేదు. నా చాయ్ మీద తొరక కట్టింది. నేను చివరిదాకా ఉన్నాను.